ట్యాంకు మార్చే పిడి భుజం వెనక ఉంటే పైలట్ ఏం చేయాలి?

విమానాలు నడిపేవారు ఇక్కడ ఎవరైనా ఉంటే నా సందేహం తీర్చండి. నాకు విమానాల గురించి చదవడమే తప్ప నడపడం రాదు.

అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో, మాంటెరే అఖాతంలో విమానం కూలి చనిపోయారు. అది లాంగ్-ఈజీ అనే చిన్న విమానం, ఔత్సాహికులు సొంతంగా కట్టుకునే రకం. ఆయన కొత్తవారు కాదు, 2,700 గంటలకు పైగా నడిపిన అనుభవం ఉంది. కానీ ఈ రకం మాత్రం కొత్త.

ఇంజనుకు ఏ ట్యాంకు నుంచి ఇంధనం వెళ్లాలో మార్చే పిడి అసలు నమూనాలో పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. డెన్వర్ నడిపిన విమానాన్ని కట్టిన వ్యక్తి ఆ పిడిని ఎడమ భుజం వెనకకు మార్చాడు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు కూడా లేవు! నియంత్రణ కర్ర కుడి పక్కన ఉంటుంది. పిడిని అందుకోవాలంటే ఆ కర్రను వదిలి, ఒళ్లంతా ఎడమకు తిప్పాలి. అలా తిరిగేటప్పుడు కుడి కాలు తెలియకుండానే రడ్డర్ పెడల్‌ను (విమానం ముక్కును పక్కకు తిప్పేది) తొక్కడంతో విమానం అదుపు తప్పి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. బయలుదేరే ముందు ఇంధనం నింపుకోకపోవడం, ఈ రకంపై తగిన శిక్షణ లేకపోవడం కూడా కారణాలే అన్నారు.

నా ప్రశ్న ఇది. కొత్త రకం విమానం ఎక్కేటప్పుడు ఇలాంటి పిడులు చేతికి అందుతున్నాయో లేదో నేల మీదే, బెల్టు కట్టుకుని సాధన చేస్తారా? కళ్లు మూసుకుని వెతికే అలవాటు ఉందని విన్నాను, నిజమేనా? గాలిలో ఇంజను ఆగిపోతే ముందు ట్యాంకు మారుస్తారా, దిగే చోటు చూసుకుంటారా? నాకైతే ఆ పిడిని అక్కడ పెట్టినవాడి మీదే కోపం వస్తోంది. మీరేమంటారు?