30 అంగుళాల సంప్‌లో రెఫ్యూజియంకి ఎంత చోటు ఇవ్వాలి?

గంటస్తంభం_కుర్రాడు, విజయనగరం
హాల్లో ఉప్పునీటి ట్యాంక్ పెడుతున్నాను. 48 పొడవు, 18 వెడల్పు, 20 ఎత్తు, అన్నీ అంగుళాల్లో. చేపలు, ఎండు రాయి, అంతే. స్టాండ్ కింద 30 × 14 × 16 సంప్, అంటే నీరు శుభ్రమయ్యే కింది ట్యాంక్, పడుతుంది. గాజు పనిచేసే అతను ఆదివారం వస్తానన్నాడు, ఈలోగా అడ్డుగాజులు ఎక్కడ రావాలో గీసి ఇవ్వాలి. నేననుకున్నది: స్కిమ్మర్ గది 10, రెఫ్యూజియం (నాచు పెంచే గది) 12, బుడగలు ఆపే అడ్డుగాజులకి 3, నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంప్ గది 5. నడుస్తున్నప్పుడు నీటిమట్టం 9. రెఫ్యూజియంకి 12 చాలా? ఎక్కువా?

నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం
చాలదు. 16 ఇవ్వండి. స్కిమ్మర్ ట్యాంక్ వెనక తగిలించే రకం కొనుక్కుంటే సంప్‌లో ఆ చోటు మిగులుతుంది.

స్కిమ్మర్ చేసేది ఒక్కటే పని. చేపల మలం, మిగిలిన మేత కుళ్లకముందే నురగలో పట్టి కప్పులోకి తోస్తుంది. దాన్ని తప్పించుకున్నదంతా చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్ అయి నీళ్లలోనే ఉంటుంది. వాటిని తినేది నాచు. కీటో నాచు ముద్ద ఒకటి వేసి, పైన లైటు పెట్టి, పెరిగినప్పుడల్లా సగం పీకి పారేస్తే ఆ నైట్రేట్ బకెట్‌లో బయటికి పోయినట్టే. హాల్లో లైటు ఆపాక ఇక్కడ లైటు వెలగాలి, అప్పుడు రాత్రిళ్లు పీహెచ్ మరీ పడిపోదు. ఇక కోపిపాడ్లు. నలకల్లా ఉండే ఈ జీవులు చేపలు లేని చోట కాబట్టి నిశ్చింతగా పిల్లలు పెడతాయి, పంపులోంచి పైకెళ్లి చేపలకి మేతవుతాయి. రిటైరయ్యాక నా పొద్దు గడిచేది కాఫీ పట్టుకుని ఆ అద్దం ముందు కూర్చునే. పైన చేపలకన్నా కిందే బాగుంటుంది.

ఉద్దానం_ఉప్పు, పలాస
రెఫ్యూజియం తీసెయ్ తమ్ముడూ. ఆ 12 అంగుళాలూ ఖాళీ నీళ్లే ఉంచుకో. నీటిమట్టం 7కి దించు.

కరెంటు పోతే ఏమవుతుందో లెక్క కట్టావా? నీ పై ట్యాంక్‌లో ఒక్క అంగుళం నీరంటే 14 లీటర్లు. సంప్‌లో అంగుళం అంటే 7 లోపే. అంటే పైన ఒకటి దిగితే కింద రెండు పెరుగుతుంది. రిటర్న్ గొట్టం మూతి నీళ్లలో 3 అంగుళాలు మునిగి ఉందనుకో, పంప్ ఆగగానే అదే గొట్టంలోంచి నీరు వెనక్కి సైఫన్ పట్టి 42 లీటర్లు కిందికి వస్తాయి. 9 మట్టం దగ్గర నడిచే సంప్‌లో మిగిలే చోటు 48. పై ట్యాంక్ నీరు కిందికి దిగే ఓవర్‌ఫ్లో పెట్టెలోదీ గొట్టాల్లోదీ కలుపుకుంటే అంచుదాకా వచ్చేసినట్టే.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి, మా వైపు రోజుల తరబడి చీకటే. కరెంటుని నమ్మి సంప్ కట్టేవాడికి నేను చెప్పగలిగేది లేదు.

పైడితల్లి_వీధి
12 బాగానే ఉంది. ఫోటోలు పెట్టండి.

నాగావళి_ఒడ్డు
సైఫన్‌కి మందు చిన్న బెజ్జం. రిటర్న్ గొట్టానికి నీటిమట్టం కన్నా కాస్త కింద పావు అంగుళం బెజ్జం పెడితే, నీరు అక్కడిదాకా దిగగానే గాలి పీల్చుకుని సైఫన్ తెగిపోతుంది. డ్రిల్లుతో ఐదు నిమిషాల పని. దీనికోసం రెఫ్యూజియమే మానెయ్యమంటారేంటండీ?

ఉద్దానం_ఉప్పు
ఆ బెజ్జం ఎన్నాళ్లు తెరిచి ఉంటుంది? నాచు పడుతుంది. లేదా నత్త వచ్చి మూతలా కూర్చుంటుంది. కరెంటు పోయే రోజే అది మూసుకుని ఉంటుంది.

నాగావళి_ఒడ్డు
వారానికోసారి పుల్ల పెట్టి పొడవండి. అంత కష్టమా?

ఉద్దానం_ఉప్పు
పొడవడం మర్చిపోతే?

నాగావళి_ఒడ్డు
రెండు బెజ్జాలు పెట్టండి. రెండూ ఒకేసారి మూసుకోవు.

ఉద్దానం_ఉప్పు
ఒకే నీళ్లు, ఒకే లైటు. రెండింటికీ నాచు పట్టకుండా ఎవరు కాపలా కాస్తారు?

పైడితల్లి_వీధి
నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ పెట్టుకుంటే ఈ గొడవే లేదు కదా?

ఉద్దానం_ఉప్పు
ఇసుక రేణువు ఒకటి అడ్డం పడితే చాలు, అది సగం తెరుచుకుని ఉండిపోతుంది.

నాగావళి_ఒడ్డు
ఈ ఒక్క మాట మాత్రం ఆయన సరిగ్గా చెప్పారు.

వేదిక నిర్వహణ
కోరల్స్ ఎక్కడ దొరుకుతాయని అడిగిన పోస్టు తీసేశాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అవి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఇక్కడ అడగొద్దు, ఇస్తామనీ అనొద్దు.

కళింగపట్నం_గాలి
సముద్రపు నీళ్లు పోస్తారా, ఉప్పు కలుపుకుంటారా? పోసేట్టయితే వానాకాలంలో మా ఊరి దగ్గర పట్టకండి. వంశధార వచ్చి కలుస్తుంది కదా, మీకు కావాల్సిన 1.025 సాంద్రత రాదు.

ఉద్దానం_ఉప్పు
మాస్టారూ, బెజ్జం సంగతి అలా ఉంచండి. ఇదే వేదికలో రెఫ్యూజియం గురించి మీరు రాసింది చదివి, మీ ఇంటికొచ్చి నాచు పట్టుకెళ్లాను. గుర్తుందా? కీటో కాదు అది, కలెర్పా. నైట్ డ్యూటీ దిగి పొద్దున్న వచ్చేసరికి నాచంతా కాగితంలా తెల్లబడి ఉంది. లోపలి పసరంతా నీళ్లలో వదిలేసింది. ట్యాంక్ నిండా బియ్యం కడిగిన నీళ్లే. క్లౌన్ ఫిష్‌లు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒక్కటీ దక్కలేదు. ఇప్పుడు ఈ కుర్రాడికీ అదే చెప్తున్నారు.

నాగావళి_ఒడ్డు
అదా సంగతి! ఇన్ని పోస్టులు బెజ్జం బెజ్జం అని నన్ను తిప్పింది దీనికా. కలెర్పా ఇచ్చిన రోజే చెప్పాను, కోస్తూ ఉండమని. కోయకుండా వదిలేస్తే అది చేసేది అదే. మీరు కోయలేదు. నాచుదీ నాదీ తప్పెలా అవుతుందండీ? కీటో అలా చెయ్యదు, అందుకే ఇతనికి కీటో అని పేరు పెట్టి మరీ చెప్పాను.

ఉద్దానం_ఉప్పు
ఎప్పుడు కోయమంటారు? రాత్రంతా ఫ్యాక్టరీలో, పగలు నిద్ర. కరెంటు పోతే ఇంట్లో ఉండేది మా అమ్మ ఒక్కతే. ఆవిడకి వాల్వ్ ఏదో, బెజ్జం ఏదో ఏం తెలుస్తుంది? కాఫీ తాగుతూ ట్యాంక్ ముందు కూర్చునేవారికి రెఫ్యూజియం. మాలాంటివాళ్లకి ఎవరూ చూడకపోయినా పొంగని సంప్ కావాలి.

నాగావళి_ఒడ్డు
చూసేవాళ్లు లేని ఇంట్లో ఉప్పునీటి ట్యాంకే వద్దు. ఈ మాట అనకూడదని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

ఉద్దానం_ఉప్పు
అనండి మాస్టారూ. ఉద్యోగం చేసేవాళ్లు చేపలు పెంచకూడదని బోర్డు రాయించి పెట్టండి.

బొబ్బిలి_వీణ
ఇద్దరూ కాస్త ఆగండి. బాబూ గంటస్తంభం, నువ్వు పొద్దున్నుంచీ ఇంట్లో ఉంటావా?

గంటస్తంభం_కుర్రాడు
లేదండీ. ఉద్యోగం విశాఖలో. పొద్దున్న రైలెక్కితే మళ్లీ రాత్రికే. ఇంట్లో నాన్నగారు ఉంటారు, కానీ మోకాళ్ల నొప్పి, కింద స్టాండ్ తలుపు తీసి వంగలేరు.

బొబ్బిలి_వీణ
అయితే పొంగడం కన్నా ముందు నీకు ఎండిపోవడం వస్తుంది. అడ్డుగాజులు మిగతా గదుల్లో మట్టాన్ని కదలనివ్వవు. ఆవిరైన నీరంతా రిటర్న్ గదిలోనే తగ్గుతుంది. 5 × 14 గదిలో అంగుళం అంటే లీటరు మీద కొంచెం. మే నెలలో ట్యాంక్ మీద ఫ్యాన్ పెడితే రోజుకి నాలుగైదు లీటర్లు ఎగిరిపోవడం వింత కాదు. నువ్వు రైలు దిగేసరికి పంప్ గాలి లాగుతూ ఉంటుంది, కాలిపోయినా ఆశ్చర్యం లేదు.

రిటర్న్ గది 9 చేసుకో. రెఫ్యూజియం 8కి తగ్గించు. పక్కన ఆర్వో నీళ్ల డబ్బా పెట్టి ఫ్లోట్ వాల్వ్ తగిలించు. డబ్బా పెద్దది వద్దు, 10 లీటర్లది. ఫ్లోట్ ఇరుక్కుపోయినా అంతకన్నా పడదు, చేపలు తట్టుకుంటాయి. రిటర్న్ మూతి నీళ్లలో అర అంగుళానికి మించి ముంచకు, బెజ్జం మూసుకున్నా దిగేది 7 లీటర్లే. బ్యాటరీ మీద నడిచే గాలి పంప్ ఒకటి పై ట్యాంక్‌కి తగిలించి ఉంచు, కరెంటు పోగానే దానంతటదే మొదలవుతుంది. చేపలు ముందు చచ్చేది గాలందకే.

మా ఇంట్లో ట్యాంక్ తెచ్చింది మా ఆయన. బకెట్లు మోసేది నేను. అందుకని నాకు ఈ లెక్కలు నోటికొచ్చు.

పైడితల్లి_వీధి
😂 మా ఇంట్లోనూ అంతే మేడమ్.

గంటస్తంభం_కుర్రాడు
10, 8, 3, 9. మొత్తం 30 సరిపోయింది. నాచు ఆదివారాలు నేనే కోస్తాను. గాజతనికి ఇదే గీసి ఇస్తున్నాను.

నాగావళి_ఒడ్డు
8 అంగుళాల్లో పెరిగే నాచు అన్ని చేపలకి చాలదు. పెట్టుకుంటానంటే పెట్టుకోండి, కానీ చేపలు ఐదారు దాటనివ్వకండి. కీటో కావాలంటే ఇంటికి రండి, ఇస్తాను.

ఉద్దానం_ఉప్పు
నీటిమట్టం 7 తమ్ముడూ. 9 కాదు.