ఎంజీబీ వేడెక్కితే మిస్సింగ్, ఎక్కడ మొదలుపెట్టాలి?

మిడ్‌లాండ్స్ మురళి:
అందరికీ నమస్తే. నాది 1969 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ, గాలీ పెట్రోలూ కలిపే ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు రెండు. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టవుతుంది. వేడెక్కాకే గోలంతా. ఐడ్లింగ్‌లో బండంతా వణుకు. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే ఒక్క క్షణం చచ్చిపోయి మళ్లీ లేస్తుంది, గట్టిగా తొక్కితే మాత్రం లాక్కుపోతుంది. ఇక్కడి మెకానిక్ ఒకాయన కార్బొరేటర్లు రెండూ విప్పి కొత్త రిపేరు కిట్లు వేయాలంటున్నాడు. వేయించనా?

డాలస్ శీను:
ఆగండి బ్రో. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టుకుని వరసగా పెట్టి చూడండి. ముందు కార్బొరేటర్ 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4కి. ఒక జత మసిపట్టి, రెండో జత తెల్లగా ఉంటే కార్బొరేటర్లనో ఎయిర్ లీక్‌నో అనుమానించాలి. నాలుగూ ఒకేలా ఉంటే వాటి జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు.

అంబాసిడర్ అబ్బాయి:
మురళి గారూ, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సీసీ ఇంజన్ కూడా మీ ఎంజీబీది లాగే బి-సిరీస్ అనే ఇంజన్ల కుటుంబమే. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) కూడా అదే, 1-3-4-2. చల్లగా బాగుండి వేడి మీద మిస్సింగ్ వస్తే మా బెజవాడ మేస్త్రీలు ముందు అడిగేది కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడే చిన్న డబ్బా) గురించే. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, లోపల కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లు చూడండి. నీలంగా కాలి ఉంటే దాదాపు అదే. కొత్తవి వేశాక గ్యాప్ 0.35–0.40 మి.మీ. పెట్టండి.

మిడ్‌లాండ్స్ మురళి:
ప్లగ్గులు నాలుగూ ఒకే గోధుమరంగు. పాయింట్లు మీరన్నట్టే నీలంగా కాలాయి. అవీ కండెన్సరూ మార్చాను, వణుకు పోయింది. కానీ మెల్లగా తొక్కితే చచ్చిపోవడం అలాగే ఉంది.

పాత పాయింట్లు:
అయితే వ్యాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే లాగుడు) వైపు చూడు తమ్ముడూ. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న పైపు ఊడదీసి, దాని కొస మూసి నడుపు. మూయకపోతే గాలి లాగి అదో కొత్త తంటా. కుదుపు పోయిందా, లోపం డిస్ట్రిబ్యూటర్ లోపలే. ఎందుకంటే మెల్లగా తొక్కినప్పుడే వ్యాక్యూమ్ వచ్చి పాయింట్లు కూర్చునే బేస్ ప్లేటుని కొంచెం తిప్పుతుంది. ఐడ్లింగ్‌లోనూ ఫుల్ తొక్కినప్పుడూ ఆ లాగుడు ఉండదు. ప్లేటు తిరిగిన ప్రతిసారీ పాయింట్ల వైరూ, ఎర్త్ వైరూ వంగుతాయి. పైన గుడ్డ తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. కంటికి దొరకదు. మల్టీమీటర్ రెండు కొసలకీ పెట్టి, వైరుని వేళ్లతో అటూ ఇటూ వంచి చూడు.

డాలస్ శీను:
ఇన్ని తలనొప్పులెందుకు, పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకుంటే పోలా?

పాత పాయింట్లు:
పెట్టించుకోవచ్చు. కాకపోతే అదీ ఆ ప్లేటు మీదే కూర్చుంటుంది, దాని వైర్లూ వంగాల్సిందే. నడిరోడ్డు మీద పోయిందంటే స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకునేదీ కాదు. నా ఓటు పాయింట్లకే.

మిడ్‌లాండ్స్ మురళి:
దొరికింది అన్నా! పైపు మూసి నడిపితే కుదుపు మాయం. వైరు వంచగానే మీటర్ రీడింగ్ ఎగిరిపోయింది. తొడుగు చీల్చి చూస్తే రెండు మూడు పోగులే మిగిలున్నాయి. మెత్తటి సన్నపోగుల వైరు వేసి పైపు మళ్లీ తగిలించాను, ఇప్పుడు హాయిగా పోతోంది. కిట్ల డబ్బు మిగిలింది. ఇంకొకటి, దీనికి ఈ10 పెట్రోల్ (పది శాతం దాకా ఇథనాల్ కలిపింది) కొట్టించొచ్చా?

డాలస్ శీను:
మీ ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలంటే ఈ10 కదా. పాత రబ్బరు గొట్టాలకి ఇథనాల్ పడదు, మెత్తబడి పగుళ్లిస్తాయి. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించేదాకా సూపర్ గ్రేడ్ ఈ5 కొట్టించండి.

అంబాసిడర్ అబ్బాయి:
మీకింకా ఈ5 దొరుకుతోంది, అదృష్టవంతులు. ఇక్కడ ఇండియాలో ఏ బంకుకెళ్లినా ఈ20యే. అన్నట్టు, కార్బొరేటర్ల పైనుండే డాష్‌పాట్లలో (నూనె పోసే గొట్టాల్లో) నూనె చూశారా? 20 గ్రేడ్ ఇంజనాయిల్ పోయండి. అది ఎండిపోయినా పికప్‌లో ఇలాంటి తడబాటే వస్తుంది.