టచ్ ల్యాంప్‌కి చెయ్యి తగిలిందని ఎలా తెలుస్తుంది? దానంతటదే ఎందుకు వెలుగుతుంది?

ప్రశ్న: మంచం పక్కన పెట్టుకునే టచ్ ల్యాంప్ ఉంది. స్విచ్ లేదు, ఇనుప స్టాండు మీద ఎక్కడ చెయ్యి వేసినా వెలుగుతుంది. అది చేతి వేడికా, నొక్కినందుకా? ఈమధ్య అర్ధరాత్రి ఎవరూ ముట్టుకోకుండానే వెలుగుతోంది, ఎల్‌ఈడీ బల్బు పెట్టాక ఆర్పినా మినుకుమంటోంది. షాక్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వేడీ కాదు, నొక్కుడూ కాదండీ. మన ఒంటికి కరెంటు చార్జ్‌ని కొంత పట్టి ఉంచే గుణం ఉంది, కెపాసిటెన్స్ అంటారే, అదే, సుమారు 100 పికోఫారడ్లు (కెపాసిటెన్స్‌ని కొలిచే చాలా చిన్న కొలత) ఉంటుంది. ల్యాంప్ అడుగున ఉన్న చిన్న సర్క్యూట్ నుంచి ఒక వైరు స్టాండుకి వెళ్తుంది, సర్క్యూట్ ఆ స్టాండుని సెకనుకి వేల సార్లు చార్జ్ చేసి ఖాళీ చేస్తూనే ఉంటుంది, మీరు చెయ్యి వేయగానే మీ ఒళ్లు కూడా స్టాండుతో కలిసిపోయి నింపాల్సిన చార్జ్ పెరుగుతుంది, అందుకు పట్టే సమయమూ పెరుగుతుంది. ఆ తేడా ఒక్కసారిగా వస్తే సర్క్యూట్‌లోని చిప్ దాన్ని చెయ్యి అనుకుంటుంది. గాలిలో తేమలా మెల్లగా వచ్చే మార్పుని పట్టించుకోదు.

కావాలంటే చూడండి. స్టీలు చెంచాని చేత్తో పట్టుకుని స్టాండుకి తాకించండి, వెలుగుతుంది. అదే చెంచాని మందపాటి పొడి గుడ్డతో పట్టుకుని తాకించండి, చాలావరకు ఉలకదు.

షాక్ గురించి: ఆ వైరు మధ్యలో కరెంటుని గట్టిగా అడ్డుకునే మెగా ఓముల రెసిస్టర్లు ఉంటాయి, ఒంట్లోకి వచ్చే కరెంటు మనకు తెలియనంత తక్కువ. అయినా ఎప్పుడైనా చురుక్కుమంటే వెంటనే ప్లగ్ తీసేయండి, మళ్లీ వాడొద్దు.

ప్రశ్న: మరి అర్ధరాత్రి వెలగడం?

జవాబు: ఫ్రిజ్ లాంటి మోటారు ఆన్ అయినప్పుడు లైన్లో చిన్న కుదుపు వస్తుంది, చిప్ దాన్ని చెయ్యే అనుకుంటుంది. సాకెట్ మార్చి చూడండి, స్టాండు ఇనుప బల్లకో చార్జర్ వైరుకో ఆనుకుని ఉంటే జరపండి.

మినుకుమనడం వేరే సంగతి. వెలుగు తగ్గించి పెంచేది ట్రయాక్ అనే భాగం, ఆపి ఉన్నా దాని గుండా కాస్త కరెంటు కారుతుంది, పాత ఫిలమెంట్ బల్బుకి అది లెక్కలోకి రాదు గానీ ఎల్‌ఈడీకి చాలు. డిమ్మబుల్ (వెలుగు తగ్గించి పెంచుకోగలిగేది) అని రాసి ఉన్న బల్బే కొనండి.

ఇంకో సభ్యుడు: మాది ఎప్పుడూ ఫుల్లుగా వెలుగుతోంది, ముట్టుకున్నా మార్పు లేదు.

జవాబు: ట్రయాక్ షార్ట్ అయ్యి, ఆగకుండా కరెంటు వదిలేస్తూ ఉండుంటుంది. లోపలి సర్క్యూట్ మొత్తంగా విడిగా దొరుకుతుంది, ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి, ల్యాంప్ పారేయనక్కర్లేదు.