అప్‌డేట్: ఫిజిక్స్ సార్‌కు చెప్పాను, ఆ అమ్మాయికీ చెప్పాను

గుర్తులేని వారి కోసం: ఇంటర్ మొదటి సంవత్సరం, నాకు నత్తి. క్లాసులో కొందరు నా మాటను అనుకరిస్తూ ఏడిపిస్తారు. ఇంట్లో నాన్న తాగి వచ్చి గొడవ. నాతో మామూలుగా మాట్లాడే ఒకే ఒక్క అమ్మాయికి మనసులో మాట చెప్పాలా అని ఇక్కడ అడిగాను.

ముందు ఆ వెక్కిరింతల సంగతి తేల్చుకోమని ఎక్కువమంది అన్నారు. ఫిజిక్స్ సార్‌కు చెప్పాను. ఆయన ఉపన్యాసం ఇవ్వకుండా వాళ్లను వేరే సెక్షన్లకు మార్పించారు. బస్టాపులో మాత్రం వెక్కిరింతలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

నాన్న అమ్మ మీద చెయ్యి చేసుకున్న రాత్రి 1098కి ఫోన్ చేశాను. పిల్లల కోసం పెట్టిన నంబరు, ఉచితం, అర్ధరాత్రయినా పనిచేస్తుంది. అవతలి ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా తొందరపెట్టలేదు. నత్తి ఉన్నవాళ్లకు అదెంత పెద్ద విషయమో! తర్వాత ఇంటికి మనుషులు వచ్చి మాట్లాడారు. అమ్మా నేనూ ఇప్పుడు అమ్మమ్మ దగ్గర ఉన్నాం. నాన్న మారతారన్న నమ్మకం నాకైతే లేదు.

ఇక ఆ అమ్మాయి. సరిగ్గా ‘ఇష్టం’ దగ్గరే నాలుక మొరాయించింది. తను నవ్వలేదు, వేచి చూసింది. తనకూ ఇష్టమేనట. కానీ ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయం, అందుకే ఇంటర్ అయ్యేదాకా స్నేహితులుగానే ఉందామంది. సరేనన్నాను. ప్రస్తుతానికి లెక్కల్లో నాకు తనే టీచర్, బాగా కోప్పడుతుంది కూడా.