‘సౌధంబు దా...’ ఆ ‘దా’ ఎడమా, దగ్గరా?

పాతరేడియో:
నాలుగు రోజులుగా పోతన గజేంద్రమోక్షంలోని ఒక పాదం నోట్లో నానుతోంది. “అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా” దాకా వచ్చి ఆగిపోతున్నాను. పద్యం మొత్తం చెప్పనక్కర్లేదు, నా గొడవంతా ఆ ‘దా’తోనే. తర్వాతి పాదంలోని ‘పల’తో కలిస్తే అది ‘దాపల’.

మా ఇంట్లో పాత యాంప్లిఫయర్‌కి వెనక ఒకటే జత ఇన్‌పుట్, ఎర్రదొకటి తెల్లదొకటి. నాన్న ఉన్నప్పుడు రేడియో, టేపురికార్డరు, టీవీ మూడింటినీ ఒక చెక్కపెట్టెలో కలిపి ఆ ఒక్క జతకే ఇచ్చేవారు. పెట్టె మీద ప్లాస్టర్ ముక్కలు అంటించి పెన్నుతో ‘దా’, ‘వ’ అని రాశారు. ఇప్పుడు నేను టీవీ, ల్యాప్‌టాప్, తంబూరా యాప్ ఉన్న ఫోను అందులో పెడుతున్నాను. దాపల అంటే దగ్గర అని బడిలో చెప్పారు. సోఫా పక్కనున్నది కుడి స్పీకరు కదా, ‘దా’కి ఎర్ర పిన్ను గుచ్చాను. రాత్రి సినిమాలో రైలు తెర మీద ఎడమకి పోతుంటే చప్పుడు కుడికి పోయింది.

యతిభంగం:
దాపల అంటే ఎడమేనండీ. వలపల దానికి జోడీ. అక్షరానికి కుడి పక్కన పెట్టేది కాబట్టే వలపల గిలక అన్నారు. ఇంకో మాట. ‘నా మూల’ అని విడదీసి రాస్తున్నారు, అది ‘నగరిలోన్ ఆ మూల’. మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతిస్థానం, ‘అల’లోని అకారానికి ఆ ‘ఆ’ కుదిరింది.

పాతరేడియో:
‘నా మూల’ అంటే నా సొంత మూల అనుకునేంత అమాయకుణ్ణి కాదు లెండి.

మందారమకరందం:
ఎడమ అంటే పద్యంలో అందం ఏముంది? ఆ సౌధం, దాని చెంతనే మందారవనం, అందులో అమృతసరస్సు, ఒడ్డున చంద్రకాంతశిల మీద కలువల పాన్పు. వైకుంఠం నుంచి పాన్పు దాకా ఒక్కో మెట్టూ దగ్గరికి తెస్తున్నాడు పోతన. మధ్యలో ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అని ఆటోవాడికి చెప్పినట్టు చెబుతాడా? దాపు నుంచి వచ్చిందే దాపల. నా ఓటు దగ్గరకే.

యతిభంగం:
ఓట్లతో అర్థాలు తేలవు మాస్టారూ.

ఎలపటెద్దు:
మా జనగామ వైపు రైతునడగండి. అరకకి కట్టే రెండెద్దుల్లో ఎడమది దాపటెద్దు, కుడిది ఎలపటెద్దు. పోతన మా బమ్మెర మనిషి, హలం పట్టినవాడని చెప్పుకుంటాం. ఆయనకి దాపల అంటే ఏమిటో నిఘంటువు చూసి తెలియాలా?

ఒంటిమిట్టరాముడు:
బమ్మెర ఊరా, ఇంటిపేరా అన్నది ముందు తేల్చుకుందాం.

ఎలపటెద్దు:
వచ్చారా! పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అన్న ఆ చర్చ పోయిన సంక్రాంతికి మూడు రోజులు నడిచింది, మళ్ళీ వద్దు.

టంకంపొగ:
పద్యం మీరు చూసుకోండి, నాకు పెట్టె గురించి చెప్పండి. లోపల ఉత్త తీగలేనా? టీవీ, ల్యాప్‌టాప్ అవుట్‌పుట్లని వై కేబుల్‌తో నేరుగా ముడేస్తే ఒకదానికొకటి లోడై గొంతులు పడిపోతాయి, మోత పగిలినట్టు వస్తుంది. మధ్యలో రెసిస్టర్లు ఉండాలి.

పాతరేడియో:
మూత తీశాను. ఆరు రెసిస్టర్లు, గోధుమ, నలుపు, నారింజ పట్టీలు. మూడు ‘దా’ వైపు, మూడు ‘వ’ వైపు ఒక్కో చోట కలిశాయి. నాన్న టంకం చుక్కలు ఇంకా మెరుస్తున్నాయి.

టంకంపొగ:
పది కిలో ఓమ్‌లు. పద్ధతిగా చేశారు. మూడూ తగిలించి ఉంటే ఒక్కోదాని సిగ్నలు దాదాపు మూడో వంతుకి దిగుతుంది, యాంప్లిఫయర్ వాల్యూమ్ కాస్త పెంచుకోండి. ఫోను పిన్నులో కొస ఎడమ, మధ్య పట్టీ కుడి, మొదలు ఎర్త్. తెల్లది ఎడమ, ఎర్రది కుడి. మీ టీవీకి ఆప్టికల్ డిజిటల్ అవుట్‌పుట్ ఒక్కటే ఉంటే మాత్రం ఈ పెట్టె పనికిరాదు, ముందు డాక్ అనే డబ్బా పెట్టి అనలాగ్‌లోకి మార్చాలి.

మందారమకరందం:
స్టీరియోకి తెలుగేమిటో ఎవరైనా చెప్పరేం? ‘శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు’ అన్నాడుగా, చేదోయి బాగుంటుంది. ఒక చేతిలో ఒక చప్పుడు.

యతిభంగం:
చక్రం చప్పుడు చేస్తుందా?

ఎలపటెద్దు:
మీ నాన్నగారు ‘ఎ’, ‘కు’ అని ఎందుకు రాయలేదో ఇప్పుడు తట్టింది. సేద్యం ఎరిగిన మనిషైతే ‘ఎ’ అని రాస్తే ఎడమా కావచ్చు, ఎలపటా కావచ్చు. ఒకటి ఎడమ, ఇంకోటి కుడి! ‘దా’ అంటే ఆ పేచీ లేదు.

పాతరేడియో:
తాతగారికి నాలుగెకరాలుండేవి, నాన్న పదో తరగతి దాకా అరక పట్టారు. కానీ పేచీ మొదలైంది ఆ ‘దా’తోనే కదండీ.

సరే, పిన్నులు మార్చాను. రైలు దారిన పడింది. ఇప్పుడు ఫోను పెట్టినా పెట్టకపోయినా సన్నగా ఒక కుయ్యి వస్తోంది.

యతిభంగం:
‘కుయ్యాలించి సంరంభియై’ వచ్చేవాడు వస్తాడు, ఉండండి.

టంకంపొగ:
ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి. ఆగిపోతే ఎర్త్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు పడడం. అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, ల్యాప్‌టాప్ తీగ మధ్యలో వేసుకోండి.

పాతరేడియో:
ఛార్జరే! తీయగానే ఆగింది.

మందారమకరందం:
ఎడమే అని ఒప్పుకుంటాను, ఒక్క షరతు. సౌధానికి దాపల అంటే ఎవరి ఎడమ? ఎదురుగా నిలబడి చూసేవాడిదా, సౌధానిదా? మీ యాంప్లిఫయర్ కూడా వెనక్కి వంగి చూస్తే ఎడమ కుడి అవుతుంది.

ఎలపటెద్దు:
అరక వెనక నిలబడి చూడాలండీ.

మందారమకరందం:
వైకుంఠానికి వెనక ఎటు?