యూదులు అసలు ఎక్కడ్నుంచి వచ్చారు? ఐగుప్తు (ఈజిప్టు) నుంచా, కనానులోనే (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) పుట్టారా?

కొత్తపాఠకుడు:
బైబిల్లో అబ్రాహాము ఊరు వదిలి రావడం, ఐగుప్తులో బానిసత్వం, మోషే, ఎర్రసముద్రం, ఈ వరస అందరికీ తెలిసిందే. తవ్వకాల్లో దొరికినవాటిని బట్టి చూస్తే ఈ జనం ఎప్పుడు మొదలైనట్టు? మత చర్చ వద్దు ప్లీజ్, రాళ్ళూ రప్పలూ ఏం చెప్తున్నాయో చాలు.

శాసనాలపిచ్చి:
బైబిల్ బయట వాళ్ళ పాత పేరు, ఇశ్రాయేలు, మొదట కనపడేది ఐగుప్తు రాజు (ఫరో) మెర్నెప్తా శాసనంలో, క్రీ.పూ. 1208 ప్రాంతం, 1896లో ఫ్లిండర్స్ పెట్రీ థీబ్స్‌లో బయటికి తీశాడు. కనానులో ఎవరెవర్ని చితక్కొట్టాడో ఆ ఫరో గొప్పలు చెప్పుకుంటూ ఇశ్రాయేలు విత్తనం కూడా మిగల్లేదంటాడు (ఫరోల డబ్బా అలాగే ఉంటుంది లెండి). అష్కెలోను, గెజెరు అనే కనాను పట్నాల పేర్ల పక్కన ప్రాంతం గుర్తు వేసి ఇశ్రాయేలు పేరు పక్కన మాత్రం ఒక మగాడు, ఒక ఆడమనిషి, కింద మూడు గీతలు చెక్కారు, అంటే అప్పటికి పట్నం లేదు రాజ్యం లేదు, ఉత్త జనం. ఐగుప్తు వదిలి వచ్చింది 6 లక్షల మంది మగాళ్ళని బైబిల్లోని నిర్గమకాండం అంటుంది కదా, దారిలోని సీనాయి ఎడారిలో అంతమంది తిరిగిన ఆనవాలే దొరకలా. పైగా అప్పట్లో కనాను కూడా ఐగుప్తు చెప్పుచేతల్లోనే ఉంది, మరి పారిపోయి ఎక్కడికెళ్ళినట్టు? చిన్న గుంపేదో వచ్చుండొచ్చు, అంతవరకు ఒప్పుకుంటా.

మట్టికుండ:
సరిగ్గా ఆ 1200 ప్రాంతంలోనే కనాను నడిమి కొండల్లో, అంతకుముందు దాదాపు ఖాళీగా ఉన్న చోట, కోటగోడల్లేని చిన్న పల్లెలు వందల్లో పుట్టుకొచ్చాయి. కుండలు కనాను బాణీయే, భాషా అంతే, అందుకే బయట్నుంచి దండెత్తి రాలేదు, అక్కడి జనమే కొండెక్కారు అనేవాళ్ళు ఇప్పుడు ఎక్కువ. యూదులు పంది తినరు కదా, ఆ పల్లెల్లో పంది ఎముకలు దాదాపు లేవు, పక్కన సముద్రతీరంలో ఉండే ఫిలిష్తీయుల పట్నాల్లో బోలెడు.

శాసనాలపిచ్చి:
పంది ఎముకలతో తేల్చేయకండి సార్, మామూలు కనాను ఊళ్ళల్లో కూడా చాలాచోట్ల అవి లేవు.

బబులోనుబాట:
నన్నడిగితే వీళ్ళని యూదులుగా గట్టిపరిచింది చెర, అంటే బబులోనుకి (బాబిలోన్) బందీలుగా పట్టుకుపోవడం. తర్వాత వీళ్ళకి ఏర్పడ్డ రెండు రాజ్యాల్లో ఉత్తరాన ఇశ్రాయేలు క్రీ.పూ. 722లో అష్షూరు (అస్సీరియా) చేతిలో పోయింది, దక్షిణాన యూదా 586 దాకా లాక్కొచ్చి బబులోను రాజు నెబుకద్నెజరుకి బలైంది, యెరూషలేములోని గుడి కాలిపోయింది. రాజు లేడు గుడి లేదు, ఇక రాతలు, విశ్రాంతిదినం లాంటివే దిక్కు. బబులోనులో రేషన్ లెక్కల మట్టి పలకలు దొరికాయి, చెరపట్టుకుపోయిన రాజు యెహోయాకీనుకీ ఆయన ఐదుగురు కొడుకులకీ ఎంత నూనె కొలిచారో గుమాస్తా రాసిపెట్టాడు, బైబిల్ కథలో మనిషి సర్కారు లెక్కల్లో తేలడమంటే మాటలా! 539లో పారశీక రాజు కోరెషు (సైరస్) బబులోనుని పట్టుకున్నాకే తిరుగు ప్రయాణాలు.

కొత్తపాఠకుడు:
అంటే తిరిగొచ్చాక అందరికీ ఒకే గుడి, ఒకే ధర్మశాస్త్రం అన్నమాట?

బబులోనుబాట:
అంత తొందరగా ఎక్కడ! ఐగుప్తులో నైలు నది మధ్య ఎలిఫెంటైన్ దీవిలో పారశీకుల కింద సిపాయిలుగా ఉన్న యూదులకి సొంత గుడే ఉండేది. క్రీ.పూ. 410లో అక్కడి ఖ్నూమ్ దేవుడి పూజారులు దాన్ని కూలగొట్టించారు, 407లో వీళ్ళు మళ్ళీ కట్టుకుంటామని యూదా గవర్నరుకి రాసిన ఉత్తరం కాపీ దొరికింది. గుడి యెరూషలేములో తప్ప ఉండకూడదన్న ఊసే లేదందులో, పైగా అక్కడి ప్రధాన యాజకుడికి ముందే రాస్తే జవాబివ్వలేదని ఫిర్యాదు. గవర్నరు సరేనన్నాడు, కాకపోతే నైవేద్యం, ధూపం వరకే, జంతుబలి మాట ఎత్తలేదు.