‘మనోభావాలు దెబ్బతిని ఉంటే’: ఈ వాక్యంలో కర్త ఎవరు?

ప్రశ్న:
ఉద్యోగుల శిక్షణ కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నానండీ. జాతి గురించి మనం అన్న మాట నొప్పించిందని ఎవరైనా చెబితే ఎలా జవాబివ్వాలన్నది విషయం. అందులో ఒక కల్పిత సంభాషణ పెట్టాను. మీటింగులో ఒకాయన, వేరే జాతికి చెందిన సహోద్యోగిని ఇంకొకరి పేరుతో పిలిచి, "మీవాళ్లంతా ఒకేలా ఉంటారు కదా!" అని నవ్వేస్తాడు. ఆ మాటకి నొచ్చుకున్నానని ఆవిడ తర్వాత మెసేజ్ పెడుతుంది. ఈయన జవాబు: "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి. నా ఉద్దేశం అది కాదు." పాఠంలో దీన్ని సరికాని జవాబుగా చూపించాను. చదివినవాళ్లు మాత్రం "క్షమించండి అన్నాడుగా, ఇంకేం కావాలి?" అంటున్నారు. లోపం ఎక్కడుందో వాక్యంలోనే చూపించగలరా?

జవాబు:
వ్యాకరణం వరకు నేను చెబుతాను.

‘ఉంటే’ చేదర్థకం. జరిగిందో లేదో తేలని విషయానికి వాడతాం. ఆవిడ నొచ్చుకున్నానని రాసేసింది కాబట్టి ఇక్కడ తేలాల్సిందేమీ లేదు. అయినా ‘ఉంటే’ అనడమంటే ఆవిడ చెప్పింది ఇంకా నమ్మలేదని చెప్పడమే. ‘ఎవరి’ అన్నది ఇంకా విచిత్రం. మెసేజ్ పెట్టిన మనిషి ఎదురుగా ఉండగా ఎవరినో వెతుకుతున్నట్టు ఉంటుంది.

అసలు విషయం క్రియలో ఉంది. నొచ్చు, నొప్పించు. బాధపడు, బాధపెట్టు. దెబ్బతిను, దెబ్బతీయు. మన భాషలో ఇలాంటి జంటలు బోలెడు. ప్రతి జంటలో మొదటిదానికి కర్త బాధ అనుభవించినవాళ్లు, రెండోదానికి కర్త బాధ కలిగించినవాళ్లు. ‘దెబ్బతిని ఉంటే’ అన్నప్పుడు కర్త మనోభావాలు. అవి వాటంతటవే వెళ్లి దెబ్బ తిన్నాయన్నమాట! ‘నొప్పించాను’ అంటే చాలు, ‘నేను’ అని విడిగా రాయకపోయినా క్రియ చివరి ‘ను’లో ఆయన దొరికిపోతాడు.

‘నా మాటల వల్ల’ అన్నాడు కదా అంటారేమో. ఆ మేరకు మెచ్చుకుందాం. కానీ ఇచ్చిన ఆ కాస్తనీ ‘ఉంటే’ వెనక్కి లాగేసుకుంది.

ఇంకొకరు:
అందుకే కదా మాస్టారూ, "అన్యుల మనముల్ నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అన్నారు! మీ జంట అందులోనే ఉంది.

మాస్టారు:
జంట ఉన్న మాట నిజమే. అయితే ఆ పద్యం మాట్లాడబోయేవాడికి చెప్పింది. సమయానికి తగిన మాటలాడమని మొదలవుతుంది. నొప్పించేశాక తప్పించుకు తిరగమని అందులో ఎక్కడా లేదండీ.

మరొకరు:
ఒక్క సందేహం. కోపం తెచ్చుకోకండి. వేరే జాతి ముఖాలు గుర్తుపట్టడం కష్టమన్నది పరిశోధనల్లో తేలిన విషయమే కదా. ఆయన ఉన్న మాటే అన్నాడు. ఉన్న మాటకి క్షమాపణ ఏమిటి?

దానికి జవాబు:
కోపం ఎందుకండీ, మంచి ప్రశ్న. పైగా మాస్టారు పట్టుకున్న పాయింటే ఇక్కడా పనికొస్తుంది. 1969లో మాల్పాస్, క్రావిట్జ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు స్వజాతి, పరజాతి ముఖాలను గుర్తుపట్టడం మీద అధ్యయనం ప్రచురించారు. ఆ తర్వాత చాలా ప్రయోగాలు జరిగాయి. ఎక్కువగా చూసి అలవాటైన ముఖాలను మన కన్ను బాగా విడదీస్తుంది, అలవాటు లేనివాటిని సరిగా విడదీయలేదు. అంటే లోపం చూసే కంటిది. ‘నాకు గుర్తుపట్టడం రాలేదు’ అంటే ఉన్న మాట. ‘మీవాళ్లంతా ఒకేలా ఉంటారు’ అన్నప్పుడు కర్త మారిపోయింది. తన కంటి లోపాన్ని ఆవిడ జాతి మొత్తానికీ అంటగట్టాడు.

ఇప్పుడు రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదట గుర్తుపట్టలేనిది తనైతే, కర్త ‘మీవాళ్లు’. తర్వాత నొప్పించింది తనైతే, కర్త ‘మనోభావాలు’. రెండు చోట్లా ఆయన కనిపించడు. ఆవిడకి జవాబు కూడా అన్న మాటలాగే వినిపించడానికి కారణం ఇదే అనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
ఇది పాఠంలో చేరుస్తాను! మరి ‘నా ఉద్దేశం అది కాదు’ సంగతి? అది నిజమే కావచ్చు కదా.

జవాబు:
కావచ్చు. ఆయన నిజంగానే సరదాకి అని ఉంటాడు. కానీ ఆవిడ అడిగింది ఉద్దేశం గురించి కాదు. జాతి వివక్ష నిర్మూలనకు 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక ఉంది. అందులో మొదటి అధికరణం వివక్షని నిర్వచిస్తూ ‘ఉద్దేశం గాని ఫలితం గాని’ అంటుంది. మీటింగులో జోకుకి అంత పెద్ద ఒడంబడిక ఎందుకని నవ్వకండి. ఆ ‘గాని’ కోసం చెప్పాను. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఫలితం లెక్కలోంచి పోదు. ఉద్దేశం చెప్పుకోవాలంటే చెప్పుకోవచ్చు, కానీ ఆ వాక్యం చివర్లో, అదీ ఆవిడ అడిగితే.

ఇంకొకరు:
మనవాళ్లు వెంటనే ఉద్దేశం దగ్గరికి పరిగెత్తడానికి ‘జాత్యహంకారం’ అన్న పదం కూడా కారణమేమో. జాతి, అహంకారం కలిసి యణాదేశ సంధి. ఆ మాట వినగానే ‘నాకు అహంకారమా?’ అని గుణగణాల రక్షణలో పడతారు. నాకు ఆ జాతి స్నేహితులున్నారు, మా ఇంట్లో అందరం సమానం, ఇలా మొదలవుతుంది. ఆవిడ రాసింది ఒక మాట గురించి. ఈయన తన వ్యక్తిత్వానికి సర్టిఫికెట్లు చూపిస్తాడు. ‘జాతి వివక్ష’ అంటే చేసిన పని గురించి కాబట్టి కాస్త నిదానంగా వింటారు. పాఠంలో ఆ పదమే వాడండి.

మాస్టారు:
బాగా చెప్పారు. దీనికి తిరగేసిన జబ్బు ఇంకొకటుంది. "నేనెంత నీచుణ్ణి, రాత్రంతా నిద్రపట్టలేదు" అని పేజీలు రాస్తారు. కర్త ‘నేనే’, వ్యాకరణం సలక్షణం! కానీ చివరికి నొచ్చుకున్న మనిషే ఈయన్ని ఓదార్చాలి. ఇంకొందరు "ఎందుకు తప్పో కొంచెం వివరంగా చెప్పండి" అని ఆవిడకి హోంవర్కు ఇస్తారు. ముందు తను కొంచెం చదువుకుని, ఆలోచించుకుని, తర్వాత అడిగితే వేరే సంగతి.

మరొకరు:
అన్నీ ఒప్పుకున్నా, ఆలోచించాక కూడా నాకు తప్పనిపించకపోతే? అబద్ధం చెప్పమంటారా?

జవాబు:
అక్కర్లేదు. ‘నొప్పించాను’ వేరు, ‘తప్పు మాట అన్నాను’ వేరు. మొదటిది ఆవిడ చెప్పిన వెంటనే తెలిసిపోయిన విషయం. రెండోది మీరు తేల్చుకోవాల్సింది. మొదటిదే నిజమైతే మొదటిదే చెప్పండి, ఆలోచించడానికి టైమ్ అడగండి. అసలు పొరపాటు విని ఉండవచ్చు కూడా, అలాంటివీ జరుగుతాయి. ఈ సంభాషణలో మాత్రం రెండు వాక్యాలూ పడాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
సవరించాను, చూడండి. "మీరు చెప్పింది చదివాను. మిమ్మల్ని గుర్తుపట్టడంలో పొరపాటు నాది. దాన్ని మీ జాతి మీదికి తోశాను. అందరి ముందూ మిమ్మల్ని నొప్పించాను. క్షమాపణ చెబుతున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే రేపు మీటింగులో కూడా ఇదే చెబుతాను."

మాస్టారు:
చివరి వాక్యం నాకు నచ్చింది. అన్నది అందరిలో, చెప్పేది చాటుగా అయితే లెక్క కుదరదు. అయినా మళ్లీ అందరి చూపూ తన మీద పడటం ఆవిడకి ఇష్టమో లేదో, అడగడమే మేలు. ‘క్షమించండి’ తీసేయడం కూడా మంచిదే. అది విధ్యర్థకం, ఆవిడకి పని చెబుతుంది.

ఇంకొకరు:
అక్కడ మాత్రం మీతో ఏకీభవించను మాస్టారూ. ‘క్షమించండి’ని ఎవరూ ఆజ్ఞగా వినరు. నోటికి వచ్చే మాట అదే. ‘క్షమాపణ చెబుతున్నాను’ అంటే ప్రెస్ నోట్ చదివినట్టుంటుంది.

మాస్టారు:
అదీ నిజమే. అయితే రెండూ పాఠంలో పెట్టి, చదివేవాళ్లనే ఎంచుకోమనండి.